కార్డు ఉంటే చాలదు, జాబితాలో పేరుండాలి
ఓటరు జాబితాపై పాతబస్తీ పాఠకుల సందేహాలు – సమాధానాలు

ఓటరు జాబితా సవరణ అన్న మాట వినపడితే చాలు, చార్మినార్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా గుబులు మొదలవుతుంది. పేరు ఉంటుందా, పోతుందా? ఇంటికొచ్చి అడిగేవాళ్లు నిజంగా అధికారులేనా? మన వివరాలు ఎవరి చేతికి పోతున్నాయి? వచ్చిన ఉత్తరాల్లో పదిమందికీ పనికొచ్చే వాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

సందేహం: 2018 డిసెంబర్‌లో ఓటేయడానికి కార్డు పట్టుకుని వెళ్లాను. జాబితాలో పేరు లేదని వెనక్కి పంపేశారు. కార్డు సర్కారు ఇచ్చిందే కదా, ఓటెందుకు లేదు?
– ఆర్., లాల్‌దర్వాజా

సమాధానం: మీరెవరో చెప్పడానికి మాత్రమే కార్డు పనికొస్తుంది. ఓటు హక్కు ఉండేది జాబితాలో. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం జాబితాలో పేరున్నవారే ఓటేయాలి. పేరుండి కార్డు పోయినా ఇబ్బంది లేదు. ఆధార్, పాన్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఫోటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ వంటివాటిలో ఏది చూపినా ఓటేయవచ్చు. కార్డుండి పేరు లేకపోతే ఆ రోజు ఎవరూ ఏమీ చేయలేరు.

2018 డిసెంబర్ 7న మీలాగే ఎంతోమంది తిరిగివెళ్లారు. తన పేరూ గల్లంతైందని బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల బహిరంగంగానే చెప్పారు. అప్పటి ముఖ్య ఎన్నికల అధికారి రజత్ కుమార్ ఓటర్లకు క్షమాపణ చెప్పాల్సివచ్చింది. 

ఈ కథకు మూలం 2015లో ఉందని చాలామంది వాదన. ఆ ఏడాది మార్చి 3న ఎన్నికల సంఘం దేశమంతటా జాబితాల ప్రక్షాళన కార్యక్రమం మొదలుపెట్టి, ఓటరు కార్డును ఆధార్‌తో ముడిపెట్టసాగింది. ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆధార్ వాడకానికి హద్దులు పెట్టడంతో రెండు రోజుల్లోనే ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. ఈలోగా హైదరాబాద్‌లో నోటీసు అందకుండానే పేర్లు తీసేశారని పార్టీలు ఫిర్యాదు చేశాయి.

పోలింగ్ రోజున గొడవపడి లాభం లేదు. నామినేషన్ల గడువు ముగిశాక ఎన్నిక పూర్తయ్యేదాకా జాబితాలో పేరు చేర్చడానికీ తీయడానికీ వీల్లేదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. నోటిఫికేషన్ రాకముందే పేరు చూసుకోవాలి.

సందేహం: ఈ జాబితా ఎవరి చట్టం ప్రకారం తయారవుతుంది? రాష్ట్ర ప్రభుత్వం మారితే నిబంధనలూ మారతాయా? కార్పొరేటర్ ఎన్నికకు వేరే జాబితా ఉంటుందా?
– ఎస్., గౌలిపురా

సమాధానం: శాసనసభ, లోక్‌సభ జాబితాలకు రాష్ట్ర చట్టం అంటూ ఏదీ లేదు. రాజ్యాంగం 324వ అధికరణం ఆ పని కేంద్ర ఎన్నికల సంఘానికి అప్పగించింది. మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవరినీ జాబితా నుంచి మినహాయించరాదని 325వ అధికరణం చెబుతుంది. పని నడిచేది 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం, 1960 నాటి ఓటర్ల నమోదు నిబంధనల ప్రకారం. చేసేది మాత్రం ఇక్కడి సిబ్బందే: బూత్‌కో బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి), నియోజకవర్గానికో నమోదు అధికారి. మిగతా జిల్లాల్లో కలెక్టరు జిల్లా ఎన్నికల అధికారి అయితే, హైదరాబాద్ జిల్లాలో ఆ బాధ్యత జీహెచ్‌ఎంసీ కమిషనర్‌ది అవుతూ వచ్చింది.

రాష్ట్ర చట్టం వచ్చేది కార్పొరేటర్ ఎన్నికలో. దాన్ని నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. ఆధారం 1955 నాటి జీహెచ్‌ఎంసీ చట్టం. అయితే ఆ సంఘం కొత్తగా పేర్లు నమోదు చేయదు. శాసనసభ జాబితానే తీసుకుని డివిజన్లవారీగా విడగొడుతుంది. అందుకే 2016 ఫిబ్రవరి, 2020 డిసెంబర్ జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో కొన్ని ఇళ్ల ఓట్లు పక్క డివిజన్‌లో తేలాయన్న మాట వినిపించింది. అసలు జాబితాలో పేరు లేకపోతే డివిజన్ జాబితాలోనూ ఉండదని గుర్తుంచుకోండి.

రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు మారే పద్ధతి అమెరికాలో ఉంది. అక్కడ జాబితా రాష్ట్రాల చేతిలో ఉంటుంది. 1993, 2002లో వచ్చిన కేంద్ర చట్టాలు కొన్ని హద్దులు గీశాయంతే. నార్త్ డకోటాలో ఓటరు నమోదే లేదు. జాబితాను ఎవరికివ్వాలి, ఎంత రుసుము తీసుకోవాలి, ఎందుకు వాడుకోనివ్వాలి అన్నవి రాష్ట్రానికో తీరుగా ఉంటాయి.

సందేహం: మా ఇంట్లో అయిదుగురి మీద ఎవరో ఫారం 7 పెట్టారని తెలిసింది. మేం తాతల కాలం నుంచీ ఇక్కడే ఉంటున్నాం. మమ్మల్ని అడగకుండానే పేర్లు తీసేస్తారా?
– పేరు వద్దన్న పాఠకురాలు, యాకుత్‌పురా

సమాధానం: తీయకూడదు. ఫారం 7 అంటే ఒక అభ్యంతరం. అది తీర్పు కాదు. పెట్టేవారు అదే నియోజకవర్గపు ఓటరై ఉండాలి, తన పేరు, కార్డు నంబరు రాసి సంతకం చేయాలి. నమోదు అధికారి మీకు ఫారం 14లో నోటీసు ఇవ్వాలి, మీ మాట వినాలి. ఫలానావారు ఇక్కడ లేరని రుజువు చేయాల్సింది అభ్యంతరం పెట్టినవారే. అప్పటికే జాబితాలో ఉన్నవారిని మళ్లీ మొదటినుంచీ రుజువు చేసుకోమనడం సరికాదని లాల్‌బాబు హుస్సేన్ కేసులో 1995లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఎవరు పెట్టారో తెలుసుకునే దారి కూడా ఉంది. అందిన అభ్యంతరాలను నమోదు అధికారి ఫారం 10 పేరిట జాబితాగా ప్రకటించాలి. అది ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైటులోనూ దొరుకుతుంది. అబద్ధపు ప్రకటన చేసినవారికి 1950 చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

గంపగుత్తగా దరఖాస్తులు తీసుకోకూడదన్నది నియమం. మామూలు సవరణలో పార్టీ బూత్ ఏజెంటు రోజుకు పదికి మించి ఫారాలు ఇవ్వరాదు. మొత్తం 30 దాటితే అధికారి స్వయంగా సరిచూడాలి. ఆన్‌లైన్‌లో ఈ నియమాన్ని దాటేయడం ఎంత సులువో పొరుగున కర్ణాటకలో, ఒకప్పటి మన నిజాం ఇలాకాలోనే బయటపడింది. కలబురగి జిల్లా ఆళందలో 2022 చివర్లో 6,018 తొలగింపు దరఖాస్తులు ఆన్‌లైన్‌లో వచ్చాయి. విచారిస్తే నిజమైనవి 24. ఎవరి పేరుతో దరఖాస్తు వెళ్లిందో వారికే ఆ సంగతి తెలియదు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఫారం 7లు కుప్పలుగా వచ్చిపడి పెద్ద రగడ అయింది.

మీరు చేయాల్సిందల్లా నోటీసు వస్తే తప్పకుండా తీసుకోవడం, చెప్పిన రోజున కరెంటు బిల్లో నల్లా బిల్లో పట్టుకుని వెళ్లడం, హాజరైనట్టు కాగితం మీద రాయించుకోవడం. ఇంట్లో మగవాళ్లు లేరని నోటీసు తిప్పి పంపకండి.

సందేహం: మాది పాత ఇల్లు. అన్నదమ్ముల నాలుగు కాపురాలు, ఒకే ఇంటి నంబరు, 19 ఓట్లు. ఇలాంటి ఇళ్లన్నీ బోగస్ ఓట్ల అడ్డాలని టీవీలో చూపిస్తున్నారు. మా ఓట్లు పోతాయా?
– ఎం.ఎ., శాలిబండ

సమాధానం: ఒక ఇంట్లో ఇన్ని ఓట్లకు మించరాదని ఏ చట్టంలోనూ లేదు. 1950 చట్టం 20వ సెక్షన్ అడిగేది ఒక్కటే: ఆ మనిషి మామూలుగా నివసించేది అక్కడేనా? ఇల్లు సొంతమా అద్దెదా అన్నది లెక్కలోకి రాదు. ఊళ్లో ఇల్లుండి అక్కడ కాపురం లేకపోతే ఆ ఇల్లు ఓటుకు ఆధారం కాదు. పనిమీద కొన్నాళ్లు ఊరెళితే నివాసమూ పోదు.

చిక్కు వచ్చేది మరోచోట. ఒకే పేరు, ఒకే తండ్రి పేరు, దగ్గర వయసు ఉన్న నమోదులను సాఫ్ట్‌వేర్ ఏరుతుంది. వాటిని డీఎస్‌ఈ అంటారు. ముఖాలు పోలినవాటిని పీఎస్‌ఈ అంటారు. పాతబస్తీలో ఈ రెండో జల్లెడ కంటే మొదటిదే ఎక్కువ తిప్పలు పెడుతుంది. ఒకే గల్లీలో ఒకే పేరున్నవాళ్లు అరడజనుమంది ఉంటారు. ఇక ఒకే మనిషి పేరు ఒక కాగితంలో మహ్మద్, ఇంకోదాంట్లో మొహమ్మద్, మూడోదాంట్లో ముహమ్మద్. జల్లెడ ఏరినంత మాత్రాన పేరు తీయకూడదు. బీఎల్‌ఓ గడప తొక్కి చూడాలి, నోటీసు వెళ్లాలి.

మీ ఇంట్లో కాపురానికో కాగితంగా వివరాలు రాసి పెట్టుకోండి. తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే జాబితాలో లేకపోతే ఫారం 8తో సరిచేయించుకోండి. చనిపోయిన పెద్దల పేర్లు మీరే ఫారం 7 పెట్టి తీయించండి. అవి అలాగే ఉంటే బతికున్నవారి ఓట్లమీదికే అనుమానం వస్తుంది.

సందేహం: మేం మొగల్‌పురా నుంచి అత్తాపూర్‌కు మారాం. ఓటు పాతచోటే ఉంచుకోవచ్చా? మా పెద్దబ్బాయి షికాగోలో, చిన్నబ్బాయి జెడ్డాలో ఉన్నారు. వాళ్ల ఓట్ల సంగతేంటి?
– పి., అత్తాపూర్

సమాధానం: ఉంచుకోకూడదు. అత్తాపూర్ రాజేంద్రనగర్ నియోజకవర్గం కిందికి, చేవెళ్ల లోక్‌సభ కిందికి వస్తుంది. ఇల్లు మారితే ఫారం 8 ఇవ్వాలి. పాతచోట పేరు పోయి కొత్తచోట చేరుతుంది, కార్డు నంబరు మారదు. కొందరు ఫారం 6 పెట్టి కొత్త ఓటుగా నమోదవుతారు. అప్పుడు రెండుచోట్లా పేరుండి అదే చట్టం 17వ సెక్షన్‌కు విరుద్ధమవుతుంది. ఫారం 6 మొదటిసారి నమోదయ్యేవారికి మాత్రమే.

అబ్బాయిలు భారత పౌరసత్వం వదులుకోకపోతే ఫారం 6ఏ ద్వారా ప్రవాస ఓటర్లుగా నమోదు కావచ్చు. పాస్‌పోర్టులోని చిరునామా ఉన్న నియోజకవర్గంలో పేరు చేరుతుంది, ఓటేయడానికి మాత్రం అసలు పాస్‌పోర్టుతో ఇక్కడికే రావాలి. పోస్టులో పంపడం కుదరదు. పెద్దబ్బాయి అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజునే ఇక్కడి ఓటు చెల్లదు, పేరు తీయించండి. గ్రీన్‌కార్డు మీద ఉంటే మరో జాగ్రత్త: అక్కడ డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులోనే ఓటరుగా నమోదవుతారా అన్న ప్రశ్న ఉంటుంది. పౌరులు కానివారు దానికి అవునని టిక్ పెడితే గ్రీన్‌కార్డుకే ఎసరు వస్తుంది.

సందేహం: ఎన్నికలప్పుడు ఎవరెవరో పేరుపెట్టి ఫోను చేస్తారు. మా ఇంట్లో ఎన్ని ఓట్లో, ఎవరికి పింఛను వస్తుందో కూడా చెబుతారు. ఓటరు జాబితాలో ఇవన్నీ ఉంటాయా?
– జి., ఛత్రినాక

సమాధానం: ఉండవు. వెబ్‌సైటులో ఎవరైనా చూడగల జాబితాలో ఉండేవి పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, లింగం, కార్డు నంబరు, క్రమసంఖ్య. మతం, కులం, ఫోను నంబరు, ఆధార్ ఉండవు. ఫారంలో మీరిచ్చిన ఫోను నంబరు జాబితాలో అచ్చు కాదు.

జాబితాను అందరికీ కనపడేలా ఉంచడంలో న్యాయముంది. పక్కింట్లో లేని మనిషి పేరుంటే పట్టుకునేది ఇరుగుపొరుగే. అందుకే ముసాయిదాను, తుది జాబితాను గుర్తింపు పొందిన పార్టీలకు ఉచితంగా ఇస్తారు. అయితే కంప్యూటర్‌లో సులువుగా వెతికే రూపంలో ఇవ్వాలన్న కోరికను 2018 అక్టోబర్‌లో కాంగ్రెస్ నాయకుడు కమల్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. వెతకడం సులువైతే పోగేయడమూ సులువే గనుక బొమ్మరూపంలోని పీడీఎఫ్‌లే ఇస్తున్నారు. అదే కోర్టు 2025 ఆగస్టు 14న బీహార్ ప్రత్యేక సవరణ విషయంలో మరోవైపు మొగ్గింది: ముసాయిదాలో లేకుండా పోయిన సుమారు 65 లక్షల పేర్లను కారణాలతో సహా, వెతకడానికి వీలైన రూపంలో పెట్టమంది. ఉన్న పేర్లను దాచి కాపాడటం, పోయిన పేర్లను విప్పి చెప్పడం – ఈ రెండూ ఓటరు మేలుకే.

ప్రమాదమంతా ఈ జాబితాకు మరో జాబితాను అతికించినప్పుడు వస్తుంది. 2019 మార్చిలో తెలుగుదేశం పార్టీ ‘సేవామిత్ర’ యాప్ నడిపిన ఐటీ గ్రిడ్స్ సంస్థపై హైదరాబాద్‌లో కేసు నమోదైంది. ఆంధ్రప్రదేశ్ ఓటర్ల వివరాలకు ప్రభుత్వ పథకాల లబ్ధిదారుల వివరాలను జతచేశారన్నది ఆరోపణ. పార్టీ దాన్ని ఖండించింది. తమ సర్వర్లలోకి ఎవరూ చొరబడలేదని ఆధార్ సంస్థ ప్రకటించింది. తెలంగాణ ఒక సిట్ వేస్తే, పోటీగా ఆంధ్రప్రదేశ్ ఇంకో సిట్ వేసింది. ఆ రాజకీయం ఎలా ఉన్నా, పేరు పక్కన పింఛను, పింఛను పక్కన ఫోను చేరితే మీరు విన్న ఫోన్‌కాల్ తయారవుతుందని అందరికీ అర్థమైంది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం కాపాడదా అంటే, చట్టప్రకారం బహిరంగపరచిన సమాచారానికి అది వర్తించదు. అంటే జాబితాలో అచ్చయిన పేరుకు, ఇంటి నంబరుకు ఆ రక్షణ లేదు. అతికించిన ఫోను నంబరు, పింఛను వివరం సంగతి వేరు. గడప దగ్గరికొచ్చి సర్వే అంటూ ఫోను నంబరు, ఆధార్ అడిగేవారిని ముందు గుర్తింపు కార్డు చూపమనండి. బీఎల్‌ఓకైతే అది ఉంటుంది. పార్టీ మనిషికి వివరాలు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు.

సందేహం: ఆధార్ ఇవ్వకపోతే ఓటు తీసేస్తామని అంటున్నారు. నిజమేనా?
– కె., చార్మినార్

సమాధానం: కాదు. 2021 నాటి చట్ట సవరణతో ఆధార్ అడిగే అధికారం నమోదు అధికారికి వచ్చింది. దానికి ఫారం 6బీ పెట్టారు. తగిన కారణంతో ఇవ్వలేకపోయినంత మాత్రాన దరఖాస్తు తిరస్కరించరాదని, పేరు తీసేయరాదని అదే సవరణలో ఉంది. ఫారంలో ఆ వెసులుబాటు సరిగా కనపడటం లేదని సుప్రీంకోర్టుకు వెళ్లింది మన హైదరాబాద్ మనిషే, కాంగ్రెస్ నాయకుడు జి. నిరంజన్. ఆధార్ తప్పనిసరి కాదని, ఫారాల్లో తగిన మార్పులు చేస్తామని 2023 సెప్టెంబర్‌లో ఎన్నికల సంఘం కోర్టుకు చెప్పింది. అప్పటికే 66 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు చేరిపోయాయి.

సందేహం: మా కోడలు పర్దా పాటిస్తుంది. ఆమె ఫోటో నెట్‌లో అందరికీ కనపడుతుందా? ఫోటోలను ముఖాలు గుర్తుపట్టే యంత్రాలకు వాడతారని విన్నాం.
– పేరు వద్దన్న పాఠకురాలు, బహదూర్‌పురా

సమాధానం: నెట్‌లో పెట్టే జాబితాలో ఫోటో ఉండదు. పోలింగ్ అధికారి దగ్గరుండే ప్రతిలోనూ, గుర్తింపు పొందిన పార్టీలకిచ్చే అచ్చు ప్రతిలోనూ ఉంటుంది. పర్దా కారణంగా ఫోటో వద్దనడానికి మద్రాసు హైకోర్టు 2006లో ఒప్పుకోలేదు. బూత్‌లో ముఖం సరిచూడాల్సివస్తే మర్యాదకు భంగం లేకుండా మహిళా సిబ్బందే చూస్తారు. ఆ పని అభ్యర్థిదీ ఏజెంటుదీ కాదు. ఏజెంటుకు అనుమానముంటే ప్రిసైడింగ్ అధికారి ముందు రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పుకోవాలి.

యంత్రాల సంగతి పుకారు కాదు. 2020 జనవరి 22న కొంపల్లి మున్సిపల్ ఎన్నికల్లో పది పోలింగ్ కేంద్రాల్లో రాష్ట్ర ఎన్నికల సంఘం ముఖ గుర్తింపు యాప్‌ను ప్రయోగాత్మకంగా వాడింది. ఓటరు ఫోటోల సమాచారాన్ని పింఛనుదారుల గుర్తింపు పరీక్షకు వాడుకున్నారన్న వార్తలు 2023లో వచ్చాయి. పాతబస్తీ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ తనను ఆపి పోలీసులు ఫోటో తీయడంపై, ముఖ గుర్తింపు వాడకాన్నే ప్రశ్నిస్తూ తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. ఓటు కోసం ఇచ్చిన ఫోటోను ఓటు పనికే వాడాలని అడగడం మన హక్కు.

సందేహం: నా పేరు ఇప్పటికే తీసేశారు. ఎన్నిక దగ్గర్లో లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?
– ఎన్., ఉప్పుగూడ

సమాధానం: ముందు మీ భాగం జాబితా తెరవండి. పేజీకి ముప్ఫై గళ్లుంటాయి. చివర్లో అనుబంధ జాబితా చూడండి. తొలగించిన పేర్ల పక్కన ఒక ఇంగ్లిషు అక్షరం ఉంటుంది: ‘ఈ’ అంటే చనిపోయారని, ‘ఎస్’ అంటే ఇల్లు మారారని, ‘ఆర్’ అంటే పేరు రెండుసార్లు ఉందని, ‘ఎం’ అంటే మనిషి కనపడలేదని, ‘క్యూ’ అంటే అనర్హులని. బతికున్న మనిషి పక్కన ‘ఈ’ కనపడటం కొత్త కాదు. ఆ అక్షరాన్ని బట్టే మీ వాదన ఉంటుంది.

తొలగింపు ఉత్తర్వు ప్రతి, దానికి ముందు పంపిన నోటీసు ప్రతి అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఉత్తర్వు వచ్చిన 15 రోజుల్లో జిల్లా మేజిస్ట్రేట్ స్థాయి అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాదంటే 30 రోజుల్లో ముఖ్య ఎన్నికల అధికారికి రెండోది చేసుకోవచ్చు. గడువు దాటిపోతే వాదన పక్కనపెట్టి పేరు మళ్లీ చేర్పించుకోవడానికి దరఖాస్తు ఇవ్వండి. వెబ్‌సైటులో పెడితే వచ్చే దరఖాస్తు నంబరు రాసుకోండి, చేతికిస్తే రసీదు అడగండి. బీఎల్‌ఓ పేరు, నంబరు తెలియకపోతే 1950కి ఫోను చేస్తే చెబుతారు.

ఇంట్లో 18 ఏళ్లు నిండుతున్న పిల్లలుంటే వాళ్ల ఫారాలూ అప్పుడే ఇచ్చేయండి. 2022 ఆగస్టు నుంచి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే. ఆ నాలుగు నెలల్లో ఒక్కోసారి ఇంటిల్లిపాది పేర్లూ చూసుకుంటే పోలింగ్ రోజున పరుగులు పెట్టాల్సిన పని ఉండదు.